టెంటు ఎంచుకోవడం: ముందు గాలీవానా, తర్వాత మనుషులు, చివర బరువు

టెంటు కొనాలనుకున్న వారిలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎంత బరువు?" అని. వీపున మోయాల్సిన వస్తువు కాబట్టి ఆ ప్రశ్న సబబే. కానీ దానితోనే మొదలుపెడితే అన్నిటికన్నా తేలికైనది చేతికొస్తుంది. ఆ తేలికదనం కోసం తయారీదారు ఏమేం తగ్గించాడో అర్ధరాత్రి గాలి లేచాక గానీ తెలియదు. అందుకే వరుస తిరగేద్దాం. ఎక్కడ, ఎప్పుడు పడుకుంటారన్నది ముందు. ఎంతమంది పడుకుంటారన్నది తర్వాత. ఆకారం, గుడ్డ, కడ్డీలు ఆపైన. అలా వడపోస్తూ వస్తే చివరికి నాలుగైదు టెంట్లే మిగులుతాయి. వాటిలో తేలికైనదాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు.

1. మీకు ఎదురయ్యే కష్టమైన రాత్రి ఏదో తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని, రాబోయే రెండు మూడేళ్లలో నిజంగా వెళ్లబోయే చోట్లు రాయండి. "ఎప్పటికైనా వెళ్లాలి" అనుకునే మంచు శిఖరాలను ఆ జాబితాలోకి రానివ్వకండి. ఒక్కో చోటుకీ ఎదురుగా నాలుగు సంగతులు ఉండాలి: ఏ నెల, ఎంత ఎత్తు, చెట్ల చాటు ఉంటుందా లేక బట్టబయలా, నేల ఎలాంటిది. వీటిలో చాలామంది పట్టించుకోనిది ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కొండ కింద చొక్కాతో తిరిగిన రోజునే పైన వణుకు పుట్టవచ్చు.

ఇప్పుడు ఆ జాబితాలో అన్నిటికన్నా కష్టమైన రాత్రి ఏదో చూడండి. టెంటు ఆ రాత్రికి తట్టుకోవాలి. అంతకు మించినది కొంటే మిగతా రాత్రులన్నీ దాని బరువునూ ఉక్కపోతనూ భరించాలి.

టెంట్ల మీద "మూడు కాలాలకు", "నాలుగు కాలాలకు" అని రాసి ఉంటుంది. మూడు కాలాలంటే ఇక్కడ మంచు కురిసే చలికాలం తప్ప మిగతావి. ఈ మాటలకు అందరూ పాటించే ఒకే కొలమానం ఏదీ లేదు, తయారీదారు చెప్పిందే లెక్క. స్థూలంగా చెప్పాలంటే మూడు కాలాల టెంటు వానకూ ఓ మోస్తరు గాలికీ సరిపోతుంది. చాలా టెంట్లలో లోపల పడుకునే గది, దానిపైన వానను ఆపే పైకప్పు అని రెండు పొరలు ఉంటాయి. వీటిలో లోపలి గది చాలావరకు దోమతెర లాంటి వలతో ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది. నాలుగు కాలాలది అనగానే వెచ్చగా ఉంటుందని భ్రమపడతారు. అది పెనుగాలికి విరగకుండా, పైన పేరుకున్న మంచు బరువుకు కుంగకుండా చేసిన టెంటు. కడ్డీలు ఎక్కువ, తాళ్లు కట్టే చోట్లు ఎక్కువ, పైకప్పు నేల దాకా దిగి ఉంటుంది, లోపలి గది వలకు బదులు గుడ్డతో ఉంటుంది. అందువల్ల గాలీ మంచుపొడీ లోపలికి కొట్టవు, కాస్త వెచ్చదనం కూడా కొసరుగా దక్కుతుంది. అయితే అది కొసరే. రాత్రి వెచ్చగా పడుకోవడం స్లీపింగ్ బ్యాగు పని, కింద పరుచుకునే మ్యాట్ పని. చలికి భయపడి బరువైన టెంటు కొనేవారు ఆ డబ్బుతో మంచి మ్యాట్ కొనుక్కుంటే సుఖపడతారు.

నా లెక్కలో వాన కంటే గాలి పెద్ద శత్రువు. ఏ మాత్రం నాణ్యత ఉన్న టెంటైనా వానను ఆపుతుంది. గాలి మాత్రం కడ్డీని వంచుతుంది, మేకును పెకలిస్తుంది, కుట్టును చింపుతుంది. మీ జాబితాలో కొండ అంచులు, కనుమలు, చెట్లు మొలవని ఎత్తులు, సముద్రపు ఒడ్డు ఉంటే "గాలి" అని పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఉక్కపోసే చిత్తడి అడవులే ఎక్కువైతే లోపలి గది నిండా వల ఉన్నది చూడండి. ఇసుక ఎగిరే ఎడారి అంచులకైతే గోడల కింది సగమైనా గుడ్డ ఉండాలి. సన్నని ఇసుక వల కన్నాల్లోంచి దూరి వచ్చి పక్కల మీద పడుతుంది.

జాబితాలో పది వాన రాత్రులూ ఒకే ఒక మంచు యాత్రా ఉంటే రెంటికీ ఒకే టెంటు కోసం వెతకకండి. పది రాత్రులకు కొనండి, ఆ ఒక్కదానికి అద్దెకు తీసుకోండి.

2. తలలు కాదు, మ్యాట్లు లెక్కపెట్టండి

"ఇద్దరికి" అని రాసి ఉన్న టెంటులో ఇద్దరు పడతారు. కాకపోతే పక్కపక్కనే భుజాలు ఒరుసుకుంటూ, సామాను బయట పెట్టుకుని పడతారు. ఆ అంకె వెనుక ఉన్న లెక్క మామూలు మ్యాట్ వెడల్పు, అంటే దాదాపు 51 సెంటీమీటర్లు. రెండు మ్యాట్లు 102 సెంటీమీటర్లు అవుతాయి. ఇద్దరి టెంట్లు చాలావరకు తలవైపు 127 నుంచి 132 సెంటీమీటర్ల దాకా ఉంటాయి కాబట్టి సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పక్కకు తిరిగి పడుకునేవారు ఇష్టపడే వెడల్పు మ్యాట్ 64 సెంటీమీటర్లు. అవి రెండు వేస్తే 128. పైగా బరువు తగ్గించడానికి కాళ్లవైపు నేలను సన్నగా చేసిన టెంట్లు చాలా ఉన్నాయి. అక్కడ 110 సెంటీమీటర్లే ఉంటే రెండు వెడల్పు మ్యాట్లు ఒకదానిపైకి ఒకటి ఎక్కుతాయి. అందుకే తలవైపు కొలత ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, కాళ్లవైపుది కూడా అడగండి.

పొడవు విషయంలో మీ ఎత్తుకు కనీసం 30 సెంటీమీటర్లు కలుపుకోండి. పడుకున్నప్పుడు పాదాలు చాస్తాం, తల కింద దిండు పైకి నెడుతుంది, స్లీపింగ్ బ్యాగు ఉబ్బి ఉంటుంది. 183 సెంటీమీటర్ల మనిషికి 213 సెంటీమీటర్ల నేల ఉంటే గానీ బ్యాగు కొస గోడకు తగలదు. అదీ గోడలు నిటారుగా ఉంటేనే. ఏటవాలు గోడలైతే ఇంకో జానెడు కావాలి. గోడకు తగిలిన బ్యాగు తెల్లారేసరికి తడిసి ఉంటుంది, తడిసిన ఈకల బ్యాగు వెచ్చదనం ఇవ్వదు.

ఎత్తు కూడా కొలిచి చూసుకోవాల్సిందే. ఇంట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేల నుంచి నడినెత్తి దాకా కొలిపించుకోండి. దానికి మ్యాట్ మందం కలపండి. టెంటు ఎత్తు అంతకన్నా ఎక్కువ ఉండాలి, ఆ ఎత్తు ఒక్క నడిమధ్యనే కాకుండా ఇద్దరు కూర్చునే చోటంతా ఉండాలి. ఒక పగలంతా వాన కురిసి బయటికి వెళ్లలేని పరిస్థితి వస్తే ఈ కొలత విలువ తెలుస్తుంది.

ఇక జట్టు సంగతి. ఒంటరిగా వెళ్లేవారు ఒక్కరి టెంటు కొనాలా, ఇద్దరిది కొనాలా అని తటపటాయిస్తారు. రోజంతా నడిచి పడుకోవడానికే అయితే ఒక్కరిది చాలు. వాన రోజులు ఎక్కువైతే, అప్పుడప్పుడు తోడు వచ్చే అవకాశం ఉంటే, తేలికైన ఇద్దరి టెంటే మేలు. ఇద్దరైతే తప్పకుండా రెండు తలుపులు, రెండు వసారాలు ఉన్నది చూడండి. వసారా అంటే పైకప్పు ముందుకు సాగి తలుపు బయట ఏర్పరిచే చిన్న చోటు. తడి బూట్లూ సంచులూ అక్కడే ఉంటాయి. ఒకే తలుపు ఉన్న టెంటులో లోపలివైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే పక్కవారిని దాటాలి. ఒకటి రెండు రాత్రులకు సర్దుకోవచ్చు, వారం రోజులకైతే స్నేహం మీదికి వస్తుంది.

నలుగురికి ఒకే పెద్ద టెంటా, రెండు చిన్నవా? చిన్న పిల్లలున్న కుటుంబమైతే పెద్దదే నయం. పెద్దవాళ్ల జట్టుకు మాత్రం నా ఓటు రెండు చిన్నవాటికే. కొండ వాలు మీద పెద్ద టెంటుకు సరిపడే చదునైన జాగా దొరకడం కష్టం. పెద్ద గుడ్డకు గాలి ఎక్కువ తగులుతుంది. ఉన్న ఒక్క టెంటూ చిరిగితే నలుగురూ వానపాలే. గురక పెట్టేవారి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఐదుగురికి మూడూ రెండూ, ఆరుగురికి మూడేసి చొప్పున రెండు టెంట్లు బాగుంటాయి. ముగ్గురి టెంటు తలా ఒక్కింటికి వచ్చే బరువులో గిట్టుబాటుగా ఉంటుంది. అయితే మధ్యలో పడుకునేవారికి తలుపు అందదు.

భాగాలు పంచుకుని మోసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక టెంటు కడ్డీలు ముందు నడిచేవారి దగ్గర, పైకప్పు వెనుకబడేవారి దగ్గర ఉంటే, పొగమంచులో జట్టు విడిపోయినప్పుడు ఎవరి దగ్గరా టెంటు లేనట్టే. ఒక టెంటు భాగాలన్నీ జంటగా నడిచే ఇద్దరి సంచుల్లోనే ఉండాలి.

3. ఆకారం చూడండి

రెండు కడ్డీలు నడినెత్తిన దాటుకునే గుమ్మటం ఆకారం అందరికీ తెలిసినదే. మేకులు కొట్టకుండానే నిలబడుతుంది, ఎత్తి పక్కకు జరుపుకోవచ్చు. రాతినేల మీదా చెక్క వేదికల మీదా దీనికి తిరుగులేదు. అంతమాత్రాన మేకులు అక్కర్లేదనుకోకండి. ఖాళీ టెంటును గాలి దొర్లించుకుపోవడానికి క్షణం చాలు. లోపల సంచులు పెట్టాం కదా అని ధీమాగా ఉండేవారి టెంట్లూ సంచులతో సహా దొర్లుతాయి.

కడ్డీలు ఒకచోట కాకుండా అనేక చోట్ల దాటుకుంటే ఒక్కో భాగం చిన్నదై గట్టిపడుతుంది. దీన్నే జియోడెసిక్ అంటారు. అమెరికన్ వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ప్రచారంలోకి తెచ్చిన గుమ్మటాల సూత్రమిది. ది నార్త్ ఫేస్ సంస్థ 1975లో ఓవల్ ఇంటెన్షన్ అనే మోడల్‌తో దాన్ని టెంట్లకు పట్టించింది. నేటికీ మంచుకొండల మీద వాడేవి చాలావరకు ఈ వంశానివే. ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా తట్టుకుంటాయి, మోసేవారి వీపు కూడా అంత తట్టుకోవాలి.

సొరంగం ఆకారం టెంట్లలో విల్లులా వంగిన కడ్డీలు వరుసగా ఉంటాయి. అదే బరువుకు వీటిలో దొరికే చోటు గుమ్మటంలో దొరకదు. సన్నని కొసను గాలికి ఎదురుగా పెట్టి రెండు చివరలా బిగించి లాగితే పెనుగాలిని కూడా ఓర్చుకుంటాయి. గాలి దిక్కు మారి పక్కనుంచి కొడితే మాత్రం ఊగిపోతాయి. మేకులు దిగని నేల మీద ఇవి నిలబడవు.

నడక కర్రలతో నిలబెట్టే టెంట్లు అన్నిటికన్నా తేలిక. కడ్డీల బరువే ఉండదు. మేకుల మీద, కట్టేవారి చేతి వాటం మీద పూర్తిగా ఆధారపడతాయి. కొత్తవారు వీటితో మొదలుపెట్టడం నాకు అంతగా నచ్చదు. అలవాటయ్యాక వదలబుద్ధి కాదు, అది వేరే మాట.

4. లోపలి తడిని లెక్కలోకి తీసుకోండి

"టెంటు కారింది" అనే ఫిర్యాదుల్లో చాలా భాగం నిజానికి కారినవి కావు. నిద్రపోతున్న మనుషుల ఊపిరిలోంచీ ఒంటి మీదినుంచీ రాత్రంతా నీటి ఆవిరి వెలువడుతుంది. అది చల్లని పైకప్పుకు తగిలి నీరవుతుంది. తెల్లవారుజామున టార్చి వేసి పైకప్పు లోపలివైపు చూడండి. గుడ్డంతటా ఆవగింజల్లా సమానంగా చుక్కలు పట్టి ఉంటే అది మీ ఊపిరే. తడి కుట్టు వెంబడి గీతలా దిగుతూ, తుడిచినా మళ్లీ అక్కడే ఊరుతుంటే అప్పుడు కారుతోందని అర్థం. మొదటిదానికి గాలి ఆడేలా చేయాలి, రెండోదానికి కుట్టు మూయాలి. ఈ తేడా తెలియక మంచి టెంట్లను తిరిగి ఇచ్చేసేవారున్నారు.

రెండు పొరల టెంటులో ఆ నీరు పైకప్పుకే ఉండిపోతుంది, మధ్యలోని వల మిమ్మల్ని దానికి తగలనివ్వదు. ఒకే పొర టెంటు తేలికే గానీ, ఆ తడి గోడే మీ పక్కన ఉంటుంది. గాలి ఆడే పొడి ప్రాంతాలకు అది పర్వాలేదు. తేమ ఎక్కువుండే చోట్లకు రెండు పొరలదే తీసుకోండి. పైకప్పు పైభాగాన గాలికన్ను ఉందా, దాన్ని లోపలినుంచే తెరిచి మూయవచ్చా, వాన పడుతున్నప్పుడు కూడా తెరిచి ఉంచవచ్చా అని చూడండి. గాలి కిందినుంచి వచ్చి పైనుంచి పోవాలి కాబట్టి ఒక్క కన్ను చాలదు. టెంటు వేసే చోటు కూడా ముఖ్యమే. చల్లగాలి లోయ అడుగునా వాగు పక్కనా నిలుస్తుంది, అక్కడ తడి ఎక్కువ. కాస్త ఎగువన, చెట్ల కింద వేస్తే సగం బాధ తీరుతుంది.

వాన ప్రాంతాలకు వెళ్లేవారు ఇంకో ప్రశ్న అడగాలి: ముందు ఏది నిలబడుతుంది? చాలా గుమ్మటాల్లో ముందు లోపలి గది వేసి, దానిపై పైకప్పు పరుస్తారు. జోరువానలో ఆ రెండు నిమిషాల్లోనే నేల మడుగవుతుంది. పైకప్పు ముందు నిలబడి దాని కింద గదిని తగిలించుకునే టెంట్లు, లేదా రెండూ కలిపి ఒకేసారి లేచే టెంట్లు అలాంటి చోట్ల వరం.

5. గుడ్డ, కుట్లు

గుడ్డ మీద "20 డి" అని ఉంటే అది డెనియర్, అంటే 9,000 మీటర్ల నూలుపోగు 20 గ్రాములు తూగుతుందని అర్థం. అంకె తగ్గేకొద్దీ గుడ్డ పలచన. 15 డెనియర్ నేల తేలికే గానీ ముళ్లకూ గులకరాళ్లకూ జాగ్రత్త పడాలి. నలుగురు తొక్కే టెంటుకు నేల 30 అయినా, ఆపైన అయినా ఉంటే మంచిది.

రెండో అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. గుడ్డ మీద నీటి గొట్టం నిలబెట్టి, ఎంత ఎత్తు నీటికి గుడ్డలోంచి చుక్కలు పుడతాయో చూసే పరీక్ష అది. పైకప్పుకు 1,200 నుంచి 1,500 ఉంటే వానకు చాలు. నేలకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే తడి నేల మీద మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వాన చినుకుది కాదు. 5,000, 10,000 అని రాసిన అంకెలకు మురిసిపోకండి. పరీక్ష జరిగింది కొత్త గుడ్డ మీద. ఎండకూ మడతలకూ నలిగాక ఎంత మిగులుతుందన్నదే అసలు సంగతి.

సిలికాన్ పూసిన నైలాన్ గట్టిది, తేలిక. కానీ నైలాన్ నీరు పీల్చి సాగుతుంది, సాయంత్రం బిగించిన పైకప్పు రాత్రి వానకు వదులవుతుంది. పడుకునే ముందు ఒకసారి బయటికి వెళ్లి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకు కూడా కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. డైనీమా కాంపోజిట్ అనే గుడ్డ నీరు పీల్చదు, సాగదు, బరువూ ఉండదు, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. రెండువైపులా సిలికాన్ పూసిన గుడ్డకు కుట్ల మీద నీరు దూరకుండా వేసే టేపు అంటుకోదు. కొన్నాక మీరే సిలికాన్ జిగురు రాయాలేమో ముందే అడగండి.

6. కడ్డీలు, మేకులు, తాళ్లు

కడ్డీలు అల్యూమినియంవి తీసుకోండి. ఫైబర్‌గ్లాస్ బరువు ఎక్కువ, చలికి పెళుసుబారి నిలువునా చీలుతుంది. కార్బన్ తేలికే గానీ విరిగినప్పుడు పీచులుగా చీలుతుంది, దారిలో బాగుచేయడం కష్టం. అల్యూమినియం వంగుతుంది, వంగినదానితో ఎలాగో తెల్లవారుతుంది.

టెంటుతో వచ్చే మేకులు ఒకే రకం నేలకు పనికొస్తాయి. ఇసుకకు పొడవైన వెడల్పాటివి కావాలి. మంచులో మేకు నిలవదు. సంచిలో మంచు నింపి, తాడు కట్టి, అడ్డంగా పాతిపెట్టి తొక్కితే కాసేపటికి గట్టిపడుతుంది. రాతినేల మీద పెద్ద రాళ్లకే కట్టాలి, దానికి తాడు పొడవు కావాలి. పైకప్పు మధ్యలో తాళ్లు కట్టే కొక్కేలు ఉన్నాయో లేదో, ఉంటే అవి లోపల కడ్డీకి ఆనుకుని ఉన్నాయో లేదో చూడండి. గుడ్డకు మాత్రమే కుట్టిన కొక్కెం గాలికి గుడ్డనే లాగుతుంది.

7. ఇప్పుడు బరువు

పెట్టె మీద రెండు బరువులు ఉంటాయి. ఒకటి లోపలి గది, పైకప్పు, కడ్డీలు కలిపినది. రెండోది మేకులు, తాళ్లు, సంచులతో సహా మొత్తం. ప్రకటనలో పెద్దగా కనిపించేది మొదటిది, మీ వీపు మోసేది రెండోదానికి దగ్గరగా ఉంటుంది. పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే రకం బరువు తీసుకుని తలలతో భాగించండి. 1.8 కిలోల ఇద్దరి టెంటులో తలా 900 గ్రాములు, 2.4 కిలోల ముగ్గురిదైతే తలా 800. తలా ఒక కిలో నుంచి కిలోన్నర లోపు ఉంటే మామూలు యాత్రలకు బాగున్నట్టే. అంతకన్నా తక్కువ కావాలంటే నేల పలచబడుతుంది, తలుపు ఒకటి పోతుంది, ఎత్తు తగ్గుతుంది. ఏది వదులుకోవచ్చో మొదటి మెట్టులో రాసుకున్న కాగితమే చెబుతుంది.

8. తిరిగి ఇచ్చే గడువు లోపల పరీక్షించండి

వీలైతే దుకాణంలోనే టెంటు వేయించి, మీ మ్యాట్ పరిచి పడుకోండి. జట్టు మొత్తం వెళితే ఇంకా మంచిది. జిప్పును ఒంటిచేత్తో లాగండి, పక్క గుడ్డ దానిలో ఇరుక్కుంటోందేమో చూడండి. ఇంటికి తెచ్చాక ఒకసారి చీకట్లో, తలకు లైటు పెట్టుకుని వేయండి. తిరిగి ఇచ్చే టెంట్లను తడపకూడదనే షరతు కొన్ని చోట్ల ఉంటుంది, అది కనుక్కున్నాకే పైకప్పు మీద పైపుతో నీళ్లు పోయించి లోపల కూర్చోండి. కుట్ల వెంబడి, నేల మూలల్లో వేలు పెట్టి తడిమి చూడండి.

నేల కింద వేరే షీటు పరచదలిస్తే అది టెంటు నేల కన్నా నాలుగువైపులా కాస్త చిన్నదిగా ఉండాలి. బయటికి పొడుచుకొస్తే పైకప్పు నీళ్లన్నీ దాని మీదపడి మీ కిందికే చేరతాయి. స్టవ్ మాత్రం టెంటు లోపల ఎన్నడూ వెలిగించకండి. నిప్పు అంటుకోవడం ఒక ప్రమాదం, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంకో ప్రమాదం. మూసిన వసారా కూడా ఈ లెక్కలో లోపలే.

పరీక్ష అయ్యాక పూర్తిగా ఆరబెట్టండి. తడిగా మడిచి నెలల తరబడి ఉంచితే గుడ్డ లోపలివైపు నీటిని ఆపడానికి వేసే పాలియురెథేన్ పూత జిగటగా మారి, ముక్క వాసన పట్టి, పొరలుగా ఊడుతుంది. అలా పాడైన పూత మళ్లీ బాగుపడదు. తర్వాత సంచిలో రెండు చేర్చుకోండి. ఒకటి కడ్డీ విరిగిన చోట తొడిగి టేపుతో చుట్టే పొట్టి అల్యూమినియం గొట్టం. రెండోది పైకప్పు గుడ్డకు సరిపడే అతుకు. సిలికాన్ పూసిన గుడ్డకు మామూలు అతుకు నిలవదు, సిలికాన్‌దే కొనండి.